పన్నెండో కుర్చీ

సాలమ్మకు నలభై ఏడేళ్లు. ఇంటికి ఎవరొచ్చినా చేతిలో పని ఆపకుండానే మాట్లాడుతుంది. జూన్‌లో ఒక శనివారం పొద్దున పాస్టరుగారి భార్య అరుణజ్యోతి ఒక కాగితం పట్టుకొని వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా ఆమె గోరుచిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది.

గర్వమా? నాకా?

అమ్మగారూ, ఆ మాట అయ్యగారు అన్నరా, మీరు మధ్యల కలిపిండ్రా? కూసోండ్రి, కూసోండ్రి. ఆ కుర్చీ ఊగుతది కని పడదు. మా ఇంట్ల కుర్చీల కూసోవాల్నంటేనే భయమైతున్నదా?

ఏదీ, ఆ కాయితం ఇటియ్యుండ్రి. సదువుత. సదువొచ్చు నాకు. మా అత్త పట్టుబట్టి బైబిల్ తోటి నేర్పిచ్చిన సదువు. 'సంఘము ఎదుట నేను చేసిన అపరాధమునకై మిక్కిలి దుఃఖపడుచున్నాను. గర్వముచేత నడిపింపబడి పరిశుద్ధ ఆరాధనకు ఆటంకము కలుగజేసితిని.' అబ్బో! కలుగజేసితిని! నేను ఏనాడన్న అట్ల మాట్లాడిన్నా అమ్మగారూ? నేను గులాబి తోటల కలుపు తీసెదాన్ని. ఈ మాట మైకుల నేనంటే మా ఎనక చాప మీద కూసున్న ఆడోళ్లు ముందు నవ్వుతరు, ఆ తర్వాత నాకేమన్న గాలి సోకిందా అని అడుగుతరు.

రాత మీది గద? గుండ్రంగ, సక్కగున్నది. మాటలు ఆయనయి, రాత మీది. మీ ఇంట్ల అన్నీ గట్లనే అనుకుంట.

సరే, తప్పు సమజు చేసుకోకుండ అడుగుతున్న. రేపు ఆదివారం నేను నిలబడి ఇది సదివితే, అయ్యగారు మళ్ల మా అత్తకు ప్రభువు బల్ల రొట్టె, రసం తెస్తరు. సదవకపోతే తేరు. గంతే గద?

గంతే. ఊఁ.

మెల్లగ మాట్లాడాల్నా? ఎందుకు? మా అత్త లోపల పండుకున్నది. కండ్లు మసకలు గని చెవులు మంచిగ ఇనొస్తయి. నేను గుసగుసలు పెడితే ఇంకా భయపడ్తది, ఎవలో పోయిండ్రనుకుంటది.

తుంటి ఇరిగి రెండేండ్లాయె. చేవెళ్ల దవాఖానల చూపిచ్చినం, పట్నంల చూపిచ్చినం. ఈ వయసుల ఆపరేషన్ వద్దన్నరు. అప్పటిసంది మందిరానికి రాలే. నెలకోసారి, మొదటి ఆదివారం, ఆరాధన అయినంక అయ్యగారు స్టీలు డబ్బల రొట్టె ముక్క, బుడ్డ గిలాసల ద్రాక్షరసం పట్టుకొచ్చి, ప్రభువు బల్ల అని ఇచ్చి, ప్రార్థన చేసి పోయెటోళ్లు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల కోసం ముసల్ది నెలంత బతుకుతది.

ఆ రోజు ఐదు గొట్టంగనే నన్ను లేపుతది. 'సాలమ్మా, నీళ్లు పెట్టు. తెల్లచీర తియ్యి. నూనె జర తక్కువ రాయి, జిడ్డు మొకంతోటి బల్ల తీసుకుంటరా?' అంటది. బల్ల వచ్చేదాక ఒక్క బుక్క ముట్టది. ఎనభై ఏండ్ల పెండ్లికూతురు. నేను సతాయిస్త సుత, 'పూలదండ తేవాల్నా అత్తా' అని. 'ఊకో, నీకు భక్తి లేదు' అంటది. నవ్వుతది.

ఏమైందో మీకు తెలుసు గద అంటరు. తెల్వదు అమ్మగారూ. ఆ గురువారం మీరు మందిరంల లేరు. ఎనక వంటింట్ల నీళ్లు ఎచ్చవెడుతున్నరు, అయ్యగారికి సల్లనీళ్లు ముట్టుకుంటే జలుబు చేస్తదని. మీకు ఆయన చెప్పింది తెలుసు. ఇప్పుడు నేను చెప్పేది ఇనుండ్రి. చాయ తాగుకుంటనే ఇనుండ్రి, సల్లగైతది.

గుడ్ ఫ్రైడే ముందటి గురువారం కాళ్లు కడిగే ఆరాధన అన్నరు. మన సంఘంల మొదటిసారి. యేసు ప్రభువు పన్నెండు మంది శిష్యుల కాళ్లు కడిగిండు, గట్లనే అయ్యగారు పన్నెండు మంది కాళ్లు కడుగుతరు. ఇనంగనే నాకు సంబురమైంది. ఒట్టు! దేవుడంతటోడు నేల మీద కూసోని పట్నం దుమ్ము పట్టిన కాళ్లు కడిగిండంటే, గంతకన్న పెద్ద ముచ్చట ఏమున్నది?

పన్నెండు పేర్లు సదివిండ్రు. అందరు మొగోళ్లే. మా ఇంటాయన ఎల్లయ్య పేరు సుత ఉన్నది. మన సంఘంల ఆడోళ్లం అరవై మందిమి. మొగోళ్లు ఇరవైకి తక్కువ, అండ్ల సగం మంది క్రిస్మస్ బిర్యానికి వచ్చెటోళ్లు. వాళ్లను ఎతికి ఎతికి పన్నెండు జేసిండ్రు పాపం. 'శిష్యులు పురుషులే కదా' అన్నరు. సరే.

ఆ తర్వాత ఇంకో మాట అన్నరు, యాదికున్నదా? 'పన్నెండు మందీ దయచేసి కాళ్లు శుభ్రంగా కడుక్కొని, గోళ్లు తీసుకొని రండి. లైవ్ వెళ్తుంది.'

నవ్వకుండ్రి అమ్మగారూ. నవ్వుతున్నరు గద, చూసిన! నేను సుత నోట్ల కొంగు పెట్టుకున్న ఆ రోజు. కడుక్కోని వచ్చిన కాళ్లను కడుగుడేంది? తోమి బోర్లిచ్చిన గిన్నెలు ఎవలన్న మళ్ల తోముతరా? అయ్యగారు మొయినాబాద్ల పుట్టి, మొయినాబాద్ల పెరిగిండ్రు. మైకు పట్టుకోంగనే మాత్రం రాజమండ్రి కెళ్లి పొద్దుగాల బస్సు దిగినట్టు మాట్లాడ్తరు. ఆ మాటకు అందరు 'ఆమేన్' అన్నరు. గోర్లు తీసుకొని రండి, ఆమేన్!

మరి మా ఆయన గోర్లు ఎవలు తీసిండ్రు? నేనే. బుధవారం తోట కెళ్లి వచ్చి, గోరువెచ్చని నీళ్లల్ల ఆయన కాళ్లు నానబెట్టి, ఇటుక ముక్కతోటి మడిమలు రాకి, బ్లేడుతోటి గోర్లు తీసి, కొబ్బరినూనె రాసిన. ఆయన ఫోన్ల వీడియోలు చూసుకుంట కూసున్నడు. 'జర ఆ వేళ్ల సందుల' అన్నడు. 'నీళ్లు సల్లగైనయి' అన్నడు. తెల్లారి చెంబెడు నీళ్లు పోసినందుకు అయ్యగారికి సంఘమంత వందనాలు చెప్పాలె. నాకేమో నీళ్లు సల్లగైనయి!

ఇగ గురువారం. మా ఆయన మొయినాబాద్ తోవల ఫామ్‌హౌజ్ల వాచ్‌మన్ గద. సార్లు చెప్పకుంట చెయ్యకుంట పది కార్లు ఏసుకోని దిగిండ్రు. గేటు తియ్యాలె, కార్లకు సైగ చెయ్యాలె, వాళ్ల కుక్కను తిప్పాలె. సాయంత్రం ఐదున్నరకు ఫోన్ చేసిండు. 'నేను రాను, అయ్యగారికి చెప్పు' అని. నూనె రాసిన కాళ్లు కుక్క ఎంబడి తిరగవట్టినయి.

నేను తోటల ఉన్న. పెండ్లిళ్ల సీజను, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు లోడు పోవాలె. పూలు కోసి, కట్టలు కట్టేసరికి ఆరు కావచ్చింది. ఇంటికి పోతే ఆలస్యమైతదని తోట కెళ్లి నేరుగ మందిరానికి ఉరికిన. నీళ్లు పారిన మడుల్ల పొద్దందాక నిలబడ్డ కాళ్లు. చీలమండల దాక ఎర్రమట్టి. చెప్పులు బయట ఇడిసిన గని మట్టిని ఏడ ఇడవాలె?

పన్నెండు కుర్చీలు ఒక్క వరుసల. తెల్లగుడ్డలు పరిసి ఉన్నయి. ఆ గుడ్డలు ఉతికింది నేను, ఇస్త్రీ చేసింది మీరు. పదకొండు మంది కూసున్నరు, ప్యాంట్లు మడుచుకోని, కాళ్లు జాపుకోని. మీ బిడ్డ కావ్య ఫోనును స్టాండుకు పెట్టి లైవు తీస్తున్నది. నేను పోయి అయ్యగారి చెవుల చెప్పిన, మా ఆయన రాడని. ఆయన మొకం చిన్నగైంది. 'పన్నెండు ఉండాలి' అన్నరు. ఇటు చూసిండ్రు, అటు చూసిండ్రు. కుర్చీలల్ల ఉన్నోళ్లు తప్ప ఇంకో మొగ పురుగు లేదు. అరవై మంది ఆడోళ్లం చాపల మీద ఉన్నం. మేము కనవడలే అనుకుంట.

కనవడ్డది ఎవలు? మల్లేశ్!

అవును అమ్మగారూ, సౌండు సెట్టు మల్లేశ్. మైకులు కిరాయికి తెచ్చెటోడు. మెడల హనుమంతుని తాయెత్తు, చేతికి ఎర్రదారం. 'తమ్ముడూ, వచ్చి కూర్చోండి' అన్నరు అయ్యగారు. మల్లేశ్ బెదిరిపోయిండు. 'అయ్యగారూ, నేను మైసమ్మకు మొక్కెటోన్ని, నాకెందుకు?' అన్నడు. ఆ పోరగానికున్న సిగ్గు ఎవలికి లేకపాయె. 'పర్వాలేదు, కాళ్లే కదా' అన్నరు అయ్యగారు.

కాళ్లే కదా.

ఆ మాట నాకు ముల్లు లెక్క దిగింది. ఇరవై ఏండ్ల సంది ఉపవాసాలున్నం. ఎవలింట్ల జరమొచ్చినా పోయి మోకరిచ్చినం. శనివారం శనివారం మోకాళ్ల మీద కూసోని ఆ బండలు రుద్దినం. మాయి కాళ్లు గావు. కిరాయికొచ్చిన మల్లేశ్‌వి కాళ్లు! మల్లేశ్ మీద నాకేం కోపం లేదు, మంచి పిలగాడు. తెల్లారి నన్ను చూసి 'సాలమ్మక్కా, నన్ను బతికిచ్చినవ్' అన్నడు.

లేసిన. ఎందుకు లేసిన్నో ఇప్పటికీ చెప్పలేను. పోయి ఆ పన్నెండో కుర్చీల కూసున్న. 'మా ఆయన పేరు మీద వచ్చిన అయ్యగారూ' అన్న. ఏం, రేషన్ షాపుల ఆయన రాకుంటే నేను వేలు పెట్టి బియ్యం తెస్తలేనా? గట్లనే అనుకున్న. నా తెలివి గంతే.

ఎనక నుంచి ఎవలో కిసుక్కున నవ్విండ్రు. అయ్యగారు నన్ను లేవమనలే. లైవు నడుస్తున్నది గద. మొదటి కుర్చీ కెళ్లి మొదలుపెట్టిండ్రు. చెంబుతోటి ఇన్ని నీళ్లు, తువ్వాలతోటి అద్దుడు, తలకాయ వంచి ఒక్క మాట ప్రార్థన. ఒక్కొక్కల కాళ్లు పెండ్లికొడుకుల కాళ్ల లెక్క మెరుస్తున్నయి. ఒకాయన పౌడరు సుత కొట్టుకోని వచ్చిండు, నీళ్లు పడంగనే పాల లెక్క కారింది. పదకొండు మందివి అయిపోయినయి.

నా ముంగట మోకాళ్ల మీద కూసున్నరు. కూసోని చూసిండ్రు. మట్టి. పగుళ్లు. బొటనవేలు గోరు నల్లగైంది, పోయిన నెల పైపు మీద పడ్డది. ఇంతసేపటికి ఆయనకు నిజంగ కడగవలసిన కాళ్లు దొరికినయి అమ్మగారూ. అన్ని జతలల్ల ఒక్క జత.

ఏం చేసిండ్రు? లేసిండ్రు. తువ్వాల భుజం మీద ఏసుకున్నరు. 'ప్రార్థన చేసుకుందాం' అన్నరు. అందరు కండ్లు మూసుకున్నరు. నేను మూసుకోలే.

'అయ్యగారూ, ఒక జత మిగిలింది' అన్న.

గంతే. గా ఒక్క మాటనే నా గర్వం, నా అపరాధం, నేను కలుగజేసిన ఆటంకం. మైకు దగ్గర్నే ఉండె, అందుకు ఊరందరికి ఇనొచ్చింది. మైకు నేను పెట్టలే గద.

వంగి మెల్లగ చెప్పిండ్రు, 'స్త్రీ పాదాలు తాకితే సాక్ష్యానికి మంచిది కాదమ్మా' అని. సాక్ష్యానికి! మరి ఒకామె కండ్ల నీళ్లతోటి ప్రభువు కాళ్లు తడిపి ఎంట్రుకలతోటి తుడిస్తే, ఆయన కాళ్లు గుంజుకున్నడా? ఆయన సాక్ష్యం ఏమన్న చెడిపోయిందా? ఆమెను చూసి ఆ ఇంట్ల కూసున్న పెద్దమనుషులకే కడుపుమండింది. ఆ కత అయ్యగారే మాకు మూడు వారాలు చెప్పిండ్రు, ఏడిపిచ్చిండ్రు సుత.

నేను లొల్లి చెయ్యలే. లేసి తొట్టి కాడికి పోయి నా కాళ్లు నేనే కడుక్కున్న. ఆ నీళ్లు తీసుకపోయి మందిరం ముంగట మందార చెట్టుకు పోసిన. వచ్చి చాప మీద కూసున్న. పాట సుత పాడిన. కావ్య అప్పటికే లైవు బంద్ చేసింది.

ఇగ మే నెల మొదటి ఆదివారం. మా అత్త ఐదింటికి లేసింది, తెల్లచీర కట్టింది. పదకొండాయె, పన్నెండాయె, రెండాయె. అయ్యగారు రాలే. మా ఆయన్ని పంపిన. ఆయన తలకాయ వంచుకోని వచ్చిండు. 'ఇంట్లో క్రమశిక్షణ లేనప్పుడు బల్ల తేవడం ఆశీర్వాదకరం కాదు' అన్నరంట. క్రమశిక్షణ నాకు, పస్తు మా అత్తకు.

ఆమె ఎవలో తెలుసు గద మీకు? అయ్యగారు పుట్టకముందు, ఈ ఊర్ల మందిరం అంటే తాటికమ్మల గుడిసె ఉన్నప్పుడు, దాని గోడలకు మట్టి తొక్కిన అంతమ్మ. సంకల బిడ్డను ఏసుకోని శంకర్‌పల్లి కూడికలకు నడిసి పోయిన అంతమ్మ. ఆమెకు బల్ల ఆపిండ్రు, కోడలి కాళ్లకు మట్టి ఉన్నదని.

ఆ రోజు నుంచి ముసల్ది పాపాలు ఎతుకుతున్నది. ఏం చెప్పాలె మీకు! మంచంల పండుకోని ఒక్కొక్కటి తీస్తది. 'చిన్నప్పుడు పటేల్ చేన్ల మక్కకంకులు ఇరిసిన సాలమ్మా, అందుకేనా? మీ మామను ఒకసారి చీపురు తీసుకోని కొట్టిన, అందుకేనా?' అంటది. 'అది పుణ్యమే అత్తా' అంటే సుత నవ్వుతలేదు. పాపాలు దొరకక నన్ను అడుగుతున్నది. 'నీకేమన్న యాదికున్నదా బిడ్డా, నేను చేసింది?' అని. తిండి తగ్గింది. రెండు బుక్కలు తిని చాలంటది.

చెప్పలేదా అంటరా? చెప్పిన. మొదటి రోజే చెప్పిన, నీది కాదు అత్తా, నాది, నా కాళ్లది అని. నమ్మలే. 'కాళ్ల ముచ్చటకు బల్ల ఆపుతడా? అయ్యగారు గంత చిన్నోడా?' అన్నది. ఇప్పుడు నేనేం చెప్పాలె అమ్మగారూ? అవునత్తా, గంత చిన్నోడే అని చెప్పాల్నా? ఆమెకు మిగిలింది దేవుడు, అయ్యగారు. అండ్ల ఒకరిని నేను తీసేసుకోవాల్నా?

మా ఆయన రోజు పోరు. 'నాలుగు లైన్లే గద, సదివేయ్' అని. వచ్చే ఏడు మళ్ల పన్నెండు మందిల పేరు రావాలె గద ఆయనకు.

నిజం చెప్తున్న, నేను సుత సదువుదామనే అనుకున్న. మే నెలంత గదే ఆలోచన. కలుపు తీసుకుంట నేర్చుకున్న సుత, ఏమని చెప్పాల్నో. ముసలమ్మ కోసం అయ్యగారి కాళ్లు పట్టుకోమన్నా పట్టుకునెదాన్ని. ఆయన కాళ్లు ముట్టుకుంటే సాక్ష్యం చెడదు గద! మీరు పోయిన వారం వస్తే, ఈ కాయితం తీసుకోని కండ్లకు అద్దుకునెదాన్ని. వారం లేటైంది మీది.

ఏమంటరు మీరు? ఏమనరు. పద్దెనిమిదేండ్ల సంది చూస్తున్న, ఏమనరు. నీళ్లు ఎచ్చవెడ్తరు, తువ్వాలలు మడిసిపెడ్తరు, వచ్చినోళ్లందరికి అన్నం వండుతరు. మీ కాళ్లు ఎవలన్న కడిగిండ్రా ఎన్నడన్న? పన్నెండు మందిల మీ పేరు ఎవలికన్న యాదికొచ్చిందా?

అయ్యో, కండ్లు తుడుసుకోకుండ్రి. మిమ్ముల అంటలేను. నేను ఉల్లిగడ్డ సుత కోస్తలేను, గోరుచిక్కుడే.

వారం లేటు అన్న గద. ఎందుకో చెప్తున్న.

పోయిన ఆదివారం. జూన్ మొదటి ఆదివారం. మళ్ల ఐదింటికి లేపింది. వద్దన్న. 'వస్తడు, ఈసారి వస్తడు' అన్నది. తెల్లచీర కట్టిన. తలకాయ దువ్విన. మందిరం కెళ్లి పాటలు ఇనొస్తున్నయి, ఆమె పెదవులు కదులుతున్నయి. ఆరాధన అయిపోయింది. బండ్లు స్టార్ట్ చేసుకోని ఎవలింటికి వాళ్లు పోతున్న సప్పుడు. ఒంటిగంట దాక తలుపు దిక్కే చెవి పెట్టి కూసున్నది. ఆఖరికి, 'ఇగ చీర ఇప్పు సాలమ్మా' అన్నది. ఏడ్వలే. గోడ దిక్కు మొకం తిప్పుకున్నది.

నేను చీర ఇప్పలే. వంటింట్లకు పోయిన.

ఆ ద్రాక్షరసం చేసేది ఎవలు అమ్మగారూ? పదేండ్ల సంది నేనే. నల్ల ఎండుద్రాక్ష రాత్రి నానబెట్టి, కాచి, పిసికి, బట్టల వడగట్టి సీసల పోసిచ్చేది నేనే. రొట్టె కాల్చేది మీరు, మీ ఇంటి పెనం మీద. మన చేతుల్ల ఉన్నంతసేపు అది రసం, పిండి. అయ్యగారు లేపి పట్టుకుంటే బల్ల. నాకు ఈ లెక్క ఎన్నడు అర్థం కాలే, అయినా ఎన్నడు అడగలే.

డబ్బల గుప్పెడు ఎండుద్రాక్ష ఉండె. ఎచ్చటి నీళ్లల్ల ఏసి పిసికిన. ఇంత గోధుమపిండి కలిపి అరచేతంత రొట్టె కాల్చిన. చేతులు రెండుసార్లు సబ్బుతోటి కడుక్కున్న. తలకాయ మీద కొంగు కప్పుకున్న. పోయి మంచం పక్కకు మోకాళ్ల మీద కూసున్న.

బల్ల ఇచ్చేటప్పుడు అయ్యగారు చెప్పే ఆ మాటలు నాకు రావా? ఇరవై ఏండ్ల సంది ఇంటున్న. ఒక్కటి తప్పు పోలే. అబద్ధమెందుకు, పాపమేమో అనిపిచ్చింది. ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తది. నాకు ఎవలు అధికారం ఇచ్చిండ్రు? ఎవలు ఇయ్యలే. రొట్టె ఇరిసి ఆమె చేతుల పెట్టిన.

ఆమె నా చెయ్యి ఇడువలే. వేళ్లు తడిమింది, అరచెయ్యి తడిమింది, గులాబి ముండ్ల గీతలు తడిమింది. 'అయ్యగారి చేతులు మెత్తగుంటయి' అన్నది.

ఇగ తినదు, ఉమ్మేస్తది, నన్ను తిడ్తది అనుకున్న.

తిన్నది. మెల్లగ, నమిలి నమిలి తిన్నది. గిలాస నోటికి పెట్టిన, తాగింది. 'ఆమేన్' అన్నది, గట్టిగ, మందిరంల అన్నట్టు. జర సేపైనంక, 'ఇంత పచ్చిపులుసు చేస్తవా బిడ్డా, ఆకలైతున్నది' అన్నది.

అగో, చాయ ఒలకవోసుకున్నరు చూడు. కొంగు తడిసింది. ఉండుండ్రి, బట్ట తెస్త.

పోయి చెప్పుండ్రి అయ్యగారికి. చెప్పకున్నా మీ ఇష్టమే. సంఘంల నుంచి తీసేస్తే తియ్యనియ్యుండ్రి, శనివారం బండలు రుద్దే పని తప్పుతది. ఈ కాయితం మాత్రం తీసుకపోండ్రి. మంచి కాయితం, ఎనక దిక్కు ఖాళీగనే ఉన్నది. సరుకుల లిస్టు రాసుకోవచ్చు.

మరునాడు సాలమ్మ సంఘం ముందు నిలబడలేదు. ఆగస్టు రెండో వారంలో అంతమ్మ చనిపోయింది. పాస్టరు రాలేదు. భూస్థాపన ప్రార్థన సాలమ్మే చేసింది.